నవ్వు దగ్గర ఆగిపోయే కథ

అమెరికన్ కమెడియన్ జోన్ రివర్స్ భర్త ఎడ్గర్ రోజెన్‌బర్గ్ 1987 ఆగస్టులో ఆత్మహత్య చేసుకున్నాడు. కొన్నాళ్ళకి ఆవిడ, కూతురు మెలిస్సా కలిసి ఓ రెస్టారెంట్‌కి వెళ్ళారు. ఏం మాట్లాడుకోవాలో ఇద్దరికీ తెలియడం లేదు. మెనూ తెచ్చిచ్చారు. రేట్లు చూసిన జోన్, మీ నాన్న గనక ఇవి చూసుంటే ఇంకోసారి ప్రాణం తీసుకునేవాడు అంది. మెలిస్సాకి నవ్వొచ్చేసింది, తండ్రి పోయాక అదే మొదటిసారి. ఈ సంగతి జోన్ తర్వాత చాలా ఏళ్ళపాటు, చాలా చోట్ల, తనే చెప్పుకుంది.

ఇది వినగానే కొందరికి నవ్వొస్తుంది, కొందరికి ఒళ్ళు జలదరిస్తుంది, చాలామందికి రెండూ ఒకేసారి జరుగుతాయి. మొగుడు పోయిన ఇంట్లో మన దగ్గర ఏ ఆడమనిషైనా ఇలాంటి మాట అంటే ఆ తర్వాత చుట్టాలు ఆమెని ఎన్నేళ్ళు కాల్చుకు తింటారో చెప్పక్కర్లేదు. నవ్వే ఆడదాన్ని, ఏడ్చే మగాణ్ణి నమ్మకూడదని సామెత కట్టిపెట్టుకున్నవాళ్ళం కదా. అదలా ఉంచితే, ఆ జోకు జోన్‌కి మందులా పనిచేసిందా, లేక ఏడవాల్సిన ఏడుపుని వాయిదా వేసిందా అన్నది అసలు ప్రశ్న. స్టాండప్, అంటే స్టేజీ మీద ఒక్కరే మైకు పట్టుకుని నవ్వించే పని, చేసే ఆడవాళ్ళ బతుకుల్లో ప్రేమ గురించి, తమని తాము పాడుచేసుకోవడం గురించి ఎక్కడ మాట్లాడుకున్నా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతాం.

సినిమాల్లో, సిరీసుల్లో ఇలాంటి పాత్రకి ఈపాటికే ఒక మూస తయారైంది. స్టేజీ మీద ఉన్నంతసేపూ మెరుపు. దిగగానే తాగుడు, తనని లెక్కచెయ్యని మగాళ్ళతో రాత్రులు, పొద్దున లేచాక సిగ్గు. ఆ తర్వాత ఒక మంచివాడు తగులుతాడు, ఆమె వాణ్ణి చేతులారా దూరం చేసుకుంటుంది, చివర్లో మైకు ముందు నిజం కక్కేస్తుంది. ఈ మూసలో అబద్ధం లేదు గానీ ఒక తేలికతనం ఉంది: ఆమె గాయం వల్లే ఆమెకి నవ్వించడం వచ్చిందని, ఆ గాయం మానితే నవ్వించడం పోతుందని, ప్రేమ వచ్చి రెండిట్లో ఒకటి తేల్చుకోమంటుందని. నిజంగా ఆ పని చేసినవాళ్ళ జీవితాలు చూస్తే చిక్కు అక్కడ లేదు. చిక్కు జోకు కట్టే పద్ధతిలోనే ఉంది.

ఈ విషయం అందరికంటే విడమరిచి చెప్పింది ఆస్ట్రేలియాకి చెందిన కమెడియన్ హన్నా గాడ్స్‌బీ. టాస్మానియా ద్వీపంలో స్మిత్‌టన్ అనే చిన్న ఊళ్ళో పెరిగిన గాడ్స్‌బీ లెస్బియన్. 1997 దాకా స్వలింగ సంపర్కం నేరంగా ఉన్న రాష్ట్రం అది. (ఆడ, మగ అన్న రెండు గడుల్లో దేనిలోనూ తనని తాను పెట్టుకోరు కాబట్టి ఇక్కడ 'తను' అనడమే సబబు, తెలుగు ఈ విషయంలో కాస్త వెసులుబాటు ఇస్తుంది.) 2017లో మొదలై 2018లో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'నానెట్' అనే ప్రదర్శనలో తను చెప్పింది ఇది: కథకి మొదలు, నడుమ, ముగింపు అని మూడు ముక్కలుంటాయి. జోకుకి రెండే. ఒక టెన్షన్ పుట్టించాలి, ఒక పంచ్‌తో దాన్ని దించాలి. దించాక ఇంకేం మాట్లాడినా జోకు చచ్చిపోతుంది.

అదే ప్రదర్శనలో దీన్ని చేసి చూపించారు కూడా. ముందు సగంలో ఒక బస్టాపు సంగతి వస్తుంది. ఒకడు గాడ్స్‌బీని చూసి మగాడనుకుని, తన గర్ల్‌ఫ్రెండ్‌ వెంట పడుతున్నావా అని మీదికొస్తాడు, తీరా చూస్తే ఆడమనిషి, నాలుక్కరుచుకుని వెళ్ళిపోతాడు. హాలంతా నవ్వుతుంది. చివర్లో అదే సంగతి మళ్ళీ ఎత్తుకుని, వాడు వెళ్ళిపోలేదు, తిరిగొచ్చి కొట్టాడు, ఎవరూ ఆపలేదు, ఆస్పత్రికి వెళ్ళడానికి కూడా తనకి మనసు రాలేదు అని చెప్తారు. ఇన్నేళ్ళూ ఆ కథని వాడు వెనక్కి తగ్గిన చోట ఆపేశారు, ఎందుకంటే నవ్వు అక్కడుంది. అలా ఒకటికి వందసార్లు సగం దగ్గరే ఆపి చెప్పాక, చెప్పేవాళ్ళ జ్ఞాపకం కూడా అక్కడే గడ్డకట్టుకుపోతుంది అన్నది గాడ్స్‌బీ వాదన. మిగతా సగం ఎక్కడికీ పోదు. అది బయటపడకుండా లోపల ఉండిపోతుంది.

ప్రేమ ఎందుకు ఇబ్బందో ఇక్కడ అర్థమవుతుంది. ప్రేక్షకులు పంచ్ దగ్గర చప్పట్లు కొట్టి ఇంటికెళ్ళిపోతారు. పక్కన పడుకునే మనిషి అలా వెళ్ళడు. ఊఁ, తర్వాతేమైంది, అంటాడు. ఆ 'తర్వాత' చెప్పాలంటే ఇన్నాళ్ళూ కట్టుకున్న జోకు విప్పాలి. విప్పితే రేపు రాత్రి స్టేజీ మీద ఏం చెప్పాలి? మూసపాత్రలు మంచివాణ్ణి చూసి పారిపోయేది ప్రేమంటే భయపడి అనుకుంటాం గానీ, సగం భయం ఆ ప్రశ్నంటేనే.

ఆడవాళ్ళకి ఇంకో మెలిక ఉంది. అమెరికన్ స్టాండప్‌లోకి ఆడది అడుగుపెట్టడానికి కట్టాల్సిన టికెట్టు చాలాకాలం ఒకటే: ముందు నిన్ను నువ్వు తిట్టుకో, అప్పుడు మిగతావాళ్ళని అననిస్తాం. 1955లో 37 ఏళ్ళ వయసులో, పిల్లల తల్లిగా, శాన్‌ఫ్రాన్సిస్కోలోని పర్పుల్ ఆనియన్ క్లబ్బులో మైకు పట్టుకున్న ఫిలిస్ డిల్లర్ ఈ బేరాన్ని చక్కగా అర్థం చేసుకుంది. ఆవిడ ఒళ్ళు బాగానే ఉండేది, అందుకని దాన్ని కనపడనీయకుండా వదులు వదులు గౌన్లు వేసుకునేది, లేకపోతే తన ఒంటి మీద తను వేసుకునే జోకులు పేలవు. జుట్టు రేపుకునేది. ఫాంగ్ అనే ఉత్తుత్తి మొగుణ్ణి పుట్టించి వాణ్ణి దుమ్ము దులిపేది. ఆవిడ జోకులు టైపు చేసి పెట్టుకున్న కార్డులు 50 వేలకు పైగా ఇప్పుడు స్మిత్‌సోనియన్ మ్యూజియంలో ఉన్నాయి, గుమాస్తా ఫైళ్ళు సర్దినట్టు విషయాలవారీగా. డిల్లర్ తెలివి ఏమిటంటే తిట్లన్నీ తగిలించుకోడానికి ఒక వేషాన్ని కుట్టుకుంది. రాత్రి ఇంటికొచ్చి ఆ గౌను విప్పి కొక్కేనికి తగిలిస్తే తిట్లు కూడా దాంతోపాటే వేలాడేవి.

జోన్ రివర్స్ తరం వచ్చేసరికి ఆ వేషం పలచబడింది. ఆవిడ స్టేజీ మీద తిట్టుకున్నది తన సొంత మొహాన్నే, తన సొంత పెళ్ళినే. 1986లో ఫాక్స్ కొత్త ఛానల్ ఆవిడకి రాత్రి టాక్ షో ఇచ్చింది, ఒక నెట్‌వర్క్‌లో రాత్రి షో సొంతంగా నడిపిన మొదటి ఆడమనిషి ఆవిడే. అంతకుముందు తన రాత్రి టాక్ షోలో ఆవిణ్ణి పైకి తెచ్చిన జానీ కార్సన్, తనకే పోటీకొచ్చిందని, ఆ రోజు నుంచి ఆవిడతో మళ్ళీ మాట్లాడలేదు. ఆ షో నిర్మాణం చూసుకున్నది భర్త ఎడ్గరే. ఏడాది తిరగకుండానే ఛానల్ ఆవిణ్ణి తీసేసింది, మూడు నెలలకు ఎడ్గర్ పోయాడు. ఆ తర్వాత తాను కూడా చావు అంచుదాకా వెళ్ళానని, ఒళ్ళోకి ఎక్కి కూర్చున్న బుజ్జి కుక్కపిల్ల తనని ఆపిందని జోన్ చెప్పేది. ఇక్కడ గమనించాల్సింది, ఆవిణ్ణి ఆపింది చప్పట్లు కాదు, నవ్వించాల్సిన అవసరం లేని ఒక ప్రాణి. ఆ కుక్కకి పంచ్ అర్థం కాదు.

తనని తాను తిట్టుకుని నవ్వించే అలవాటు గురించి మనస్తత్వ శాస్త్రంలో కొంత పని జరిగింది. కెనడా పరిశోధకుడు రాడ్ మార్టిన్ బృందం 2003లో హాస్యాన్ని నాలుగు రకాలుగా విడగొట్టింది: నలుగుర్నీ కలుపుకుపోయేది, కష్టంలో తనని తాను నిలబెట్టుకునేది, ఎదుటివాణ్ణి పొడిచేది, తనని తాను పొడుచుకునేది. ఈ చివరిదానికీ దిగులుకీ, ఆత్మగౌరవం తక్కువగా ఉండటానికీ సంబంధం కనిపించింది. సంబంధం అంటే కారణం అని కాదు. 2014లో ఆక్స్‌ఫర్డ్‌కి చెందిన గోర్డన్ క్లారిడ్జ్ తదితరులు 523 మంది కమెడియన్లని ప్రశ్నావళితో పరీక్షించారు. అందులో ఆడవాళ్ళు 119 మందే అన్నది ఈ రంగం తీరు కూడా చెప్తుంది. ఆలోచనలు అదుపు తప్పి పరిగెత్తడం, తొందరపాటు, అదే సమయంలో మనుషుల్లో ఉండటం మీద ఆసక్తి లేకపోవడం లాంటి లక్షణాలన్నిట్లో వీళ్ళకి మామూలు జనం కంటే ఎక్కువ స్కోరు వచ్చింది. నటులకి మాత్రం ఆ చివరి లక్షణం ఎక్కువగా లేదు. వందమందిని నవ్వించేవాళ్ళకి మనుషుల్లో ఉండటం అంతగా రుచించకపోవడం, ఇది చదివినప్పుడు చాలామంది కమెడియన్లు ఆశ్చర్యపోయి ఉండరు. ఇవి లక్షణాలే, జబ్బులు కావు. నవ్వించేవాళ్ళందరూ లోపల ఏడుస్తుంటారనే పాత పాటకి ఈ అంకెలు సాక్ష్యం కావు.

ఇక ఆ వృత్తి నడిచే తీరు ఉంది. అమెరికా కామెడీ క్లబ్బుల్లో టికెట్టుతో పాటు కనీసం రెండు డ్రింకులు కొనాలనే నియమం మామూలు. అంటే జోకులు చెప్పేవాళ్ళు పనిచేసేది నిజానికి మందు అమ్మే చోట. పని రాత్రిళ్ళు, ఊరూరా తిరుగుడు. పది నిమిషాల క్రితం మూడొందల మంది నవ్వుతో ఊగిపోయిన మనిషి హోటల్ గదిలో ఏసీ చప్పుడు వింటూ ఒంటరిగా కూర్చుంటే ఏమనిపిస్తుందో ఊహించుకోవచ్చు. లాస్ ఏంజెలెస్‌లోని లాఫ్ ఫ్యాక్టరీ క్లబ్బు 2011లో తన కమెడియన్ల కోసం సొంతంగా ఒక సైకాలజిస్టుని పెట్టుకుంది, అప్పటికే ఇద్దరు తెలిసిన కమెడియన్లని, ఒకరిని ఆత్మహత్యకి, ఒకరిని మత్తుమందులకి, పోగొట్టుకున్నాక.

అయినా ఈ మొత్తం చర్చలో అందరికంటే ఎక్కువసేపు చూడాల్సిన మనిషి అమెరికన్ కమెడియన్ మరియా బామ్‌ఫర్డ్.

1970లో పుట్టి, మినెసోటాలోని డులూత్‌లో పెరిగింది. తొమ్మిది పదేళ్ళప్పటి నుంచే ఆమెకి ఒక రహస్యం ఉంది. ఇంట్లోవాళ్ళని తనే ఏదో చేసేస్తానేమో అనే భయంకరమైన ఊహలు, వద్దన్నకొద్దీ వచ్చేవి. వద్దన్నా వదలని ఆలోచనలు పట్టి పీడించే ఓసీడీ అనే మానసిక జబ్బులో ఇదొక రకం. చేతులు పదేపదే కడుక్కోవడం అందరికీ తెలుసు, ఇది తెలియదు, పైకి ఏమీ కనపడదు. ఇలాంటి ఊహలు వచ్చేవాళ్ళు సాధారణంగా ఎవరికీ హాని చెయ్యరు, ఆ ఊహ అంటే వాళ్ళకున్న అసహ్యమే దాన్ని పదేపదే వెనక్కి తెస్తుంది. చిన్నపిల్లకి ఈ ముక్క ఎవరు చెప్తారు? తను రాక్షసినని నమ్ముతూ పెరిగింది. ఆపైన బులీమియా (అతిగా తిని కక్కేసే జబ్బు), తర్వాత డిప్రెషన్, 2011 ప్రాంతంలో వరసగా మానసిక ఆస్పత్రుల్లో చేరడాలు, మనసు ఉత్సాహానికీ దిగులుకీ మధ్య ఊగే బైపోలార్ జబ్బులో రెండో రకం అని నిర్ధారణ.

ఇవన్నీ ఆమె జోకుల్లో ఉన్నాయి. ఆమె ఒక పాట పాడేది, పిల్లల పాటలాంటి వరసలో: ఫ్రిజ్‌లో ఐస్ ట్రేలు నిండుగా ఉన్నంతకాలం ఎవరూ చచ్చిపోరు, అని. ఎవరింట్లో అయినా ఐస్ ట్రే అయిపోతే మళ్ళీ నీళ్ళు పోసి పెట్టాలని ఒక చిన్న గిలి ఉంటుంది, దాన్ని పట్టుకుని ఒక జబ్బు మొత్తాన్ని రెండు ముక్కల్లో అర్థమయ్యేలా చెప్పేసింది. ఓసీడీ మీద రాసిన పుస్తకాలు చాలావాటికి ఇంత పొదుపు లేదు. ఇంకో జోకులో జనం మానసిక రోగుల గురించి మాట్లాడే మాటల్నే కేన్సర్ రోగికి అతికిస్తుంది: వాడికి కేన్సరట, ఆఁ, మనందరికీ లేదా ఏంటి, ధోరణిలో.

ఈ రకం ఓసీడీకి చేసే వైద్యంలో ఒక పద్ధతి, ఏ ఊహకైతే హడలిపోతున్నావో దాన్నే బయటికి చెప్పించడం, రాయించడం, మళ్ళీ మళ్ళీ వినిపించడం, దాని పదును మొద్దుబారేదాకా. పైకి చూస్తే స్టాండప్ కూడా అదే కదా అనిపిస్తుంది. నోటితో చెప్పకూడనిది నలుగురిలో చెప్పేస్తావు, ఆకాశం విరిగిపడదు. కానీ ఒక తేడా ఉంది, పెద్దది. వైద్యం గదిలో ఆ ఊహ చివరికి బోరు కొట్టాలి, అదే నయమవడం. స్టేజీ మీద అది ఎప్పటికీ బోరు కొట్టకూడదు, కొడితే జోకు పోయినట్టే. అంటే ఒకే మనిషి పగలు ఆరబెట్టుకున్న పుండుని రాత్రి గిల్లి తడి చూపించాలి. నవ్వించే ఆడవాళ్ళు తమని తాము పాడుచేసుకోవడం అని బయటి నుంచి కనపడేదాంట్లో చాలా భాగం ఈ గిల్లుడే.

బామ్‌ఫర్డ్ దీన్నుంచి ఎలా తప్పుకుంది? పూర్తిగా తప్పుకుందని కాదు. మందులు వాడటం మొదలుపెట్టాక బుర్ర నిదానించిందని తనే చెప్పింది, ఆ నిదానాన్ని ఒప్పుకుని దాంతోనే పని చేసింది. పైగా ప్రేమని కూడా పెళ్ళి ఫొటోలా చూపించలేదు. ఆమె ఏళ్ళ తరబడి వెళ్ళిన బృందాల్లో, తాగుబోతులు మానడానికి కూడే బృందాల పద్ధతిలోనే నడిచేవాటిలో, ప్రేమ, సెక్సు వ్యసనంగా మారినవాళ్ళ బృందం కూడా ఉంది. 2023లో వచ్చిన ఆత్మకథలో ఈ బృందాల గోల అంతా రాసుకుంది, అప్పులవాళ్ళ బృందంతో సహా. డేటింగ్ సైటులో దొరికిన చిత్రకారుడు స్కాట్ మార్వెల్ కాసిడీని 2015లో, తన నలభైల్లో పెళ్ళాడింది. అతను కూడా డిప్రెషన్‌తో వేగినవాడే. ఆ తర్వాత ఆమె జోకుల్లోకి వచ్చింది పెద్ద ప్రేమ కాదు. ఇద్దరు అలసిపోయిన మనుషులు కౌన్సెలింగ్‌లో నేర్చుకున్న మర్యాద మాటలతో పోట్లాడుకోవడం వచ్చింది. చెప్పుకోడానికి చిన్నదే, కానీ ఇలాంటి గొడవకి పంచ్ తర్వాత కూడా మర్నాడు ఉంటుంది, మళ్ళీ గిన్నెలు ఎవరు కడగాలన్న గొడవ ఉంటుంది. ఏమీ తోచనప్పుడు కనీసం కసికొద్దీ అయినా బతికుండండి అని ఆమె చెప్పిన మాట చాలామంది గుర్తుపెట్టుకున్నారు. ఇది మామూలు ఓదార్పు కాదు, ఓదార్పు మాటలు విని విని విసిగినవాళ్ళకి చెప్పాల్సినది.

ఇంకో అమెరికన్ కమెడియన్ టిగ్ నోటారో విషయం కొంచెం వేరు. 2012లో నాలుగు నెలల్లో ఆమెకి ప్రాణం మీదికొచ్చిన పేగు ఇన్‌ఫెక్షన్, తల్లి హఠాత్తుగా పోవడం, గర్ల్‌ఫ్రెండ్‌తో విడిపోవడం, రొమ్ము కేన్సర్ వరసగా తగిలాయి. కేన్సర్ సంగతి తెలిసిన కొద్దిరోజులకే, ఆగస్టు 3న, లాస్ ఏంజెలెస్‌లోని లార్గో అనే క్లబ్బులో స్టేజీ ఎక్కి, నమస్కారం, నాకు కేన్సర్ వచ్చింది, అని మొదలుపెట్టింది. విషాదానికి కాస్త కాలం కలిపితే హాస్యమవుతుందని ఈ వృత్తిలో పాత నానుడి. ఆవిడ కాలం కలపకుండా వడ్డించింది. మధ్యలో ఇక చాల్లే, పోనీ హైవే మీద తేనెటీగ జోకు చెప్పనా అంటే, ప్రేక్షకుల్లోంచి ఒకాయన వద్దు, ఇదే చెప్పండి అన్నాడు. అక్కడ ప్రేక్షకులు మొదటిసారి, ప్రేమించినవాళ్ళు అడిగే ప్రశ్నే అడిగారు: తర్వాతేమైంది?

అందరి సంగతీ ఇంత సవ్యంగా లేదు. 2016లో నిండు గర్భంతో స్టేజీ ఎక్కి మొగుడి మీద విసిరిన జోకులతో పేరు తెచ్చుకున్న అమెరికన్ కమెడియన్ అలీ వాంగ్, 2022లో అతనితో విడిపోతున్నట్టు చెప్పింది, రెండేళ్ళకి విడాకుల తర్వాతి డేటింగ్ మీద ఇంకో ప్రదర్శన వచ్చింది. ఇందులో ఎవరి తప్పూ వెతకక్కర్లేదు. కాకపోతే ఈ వృత్తిలో పెళ్ళైనా, విడాకులైనా సరుకే. పక్కనున్న మనిషి ఆ సరుకులో భాగం కావడానికి ఎంతవరకు ఒప్పుకున్నాడన్నది స్టేజీ మీద ఎప్పుడూ వినపడదు, మైకు ఒకటే ఉంటుంది కాబట్టి.

నానెట్‌లో కామెడీ మానేస్తానన్న గాడ్స్‌బీ మానెయ్యలేదు. 2023లో వచ్చిన ప్రదర్శన అంతా తన పెళ్ళి గురించే, తన నిర్మాత జెన్నీ షమాష్‌తో. ఈసారి అందరికీ ఆనందమే పంచుతానని ముందే చెప్పి మరీ మొదలుపెట్టారు. నానెట్‌లా అది ఊపలేదని గొణిగినవాళ్ళు ఉన్నారు. రక్తం చూడటం అలవాటైన ప్రేక్షకులకి పెళ్ళి భోజనం చప్పగానే ఉంటుంది మరి, ఆ లోటు గాడ్స్‌బీది కాదు.

బామ్‌ఫర్డ్ 2012లో తీసిన ప్రదర్శన ఒకటుంది. ఆస్పత్రుల చుట్టూ తిరిగొచ్చిన తర్వాతిది. హాలు లేదు, టికెట్లు లేవు. తన ఇంటి ముందు గదిలో, తన సోఫా మీద, ప్రేక్షకులు ఇద్దరే: అమ్మ, నాన్న. ఏళ్ళ తరబడి వేలమంది ముందు అనుకరించి నవ్వించిన తల్లి గొంతుని, ఆ తల్లి ఎదురుగా నిలబడి అనుకరిస్తుంది. చచ్చిపోవాలనిపించిన రోజుల గురించి ఆ ఇద్దరి మొహాల్లోకి చూస్తూ జోకులు చెప్తుంది. కొన్నిటికి వాళ్ళు నవ్వుతారు. ప్రదర్శన అయ్యాక వాళ్ళు ఇంటికెళ్ళిపోయే ప్రేక్షకులు కారు, కూతురు ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా వాళ్ళు అమ్మానాన్నలే, ఆ కథలో ఆమె చెప్పకుండా వదిలేసిన సగం వాళ్ళకి ముందే తెలుసు.